తుపాకిమీటపై నిలిచిన శాసనము

మన పల్లెటూళ్లలో అడవిపందుల బెడదకై జోడుగొట్టముల తుపాకి నుంచుకొన్న కాపునకు, దానితోపాటు వచ్చు తొందరలు క్రొత్తవి కావు. గడువు తీరకమునుపే లైసెన్సును పొడిగింపించుకొనవలెను. ఎన్నికలు వచ్చినపుడెల్ల తుపాకిని ఠాణాకు మోసికొనిపోయి, అప్పగించి, రశీదు పుచ్చుకొని, ఎన్నికలు ముగిసినపిదప మరల తెచ్చుకొనవలెను. గొట్టమును కొంచెము పొట్టిచేయింపబూనినను 1959 నాటి ఆయుధశాసనములోని 6వ సెక్షను అడ్డము వచ్చును. ఇట్టి కట్టుబాట్ల కలవాటుపడిన మనకు, ఒకానొక దేశమున తుపాకికి క్రొత్త మడమ తగిలించి నిమిషమునకు వందలకొలది గుండ్లు కాల్చునట్లు చేసికొనవచ్చుననియు, అది మరతుపాకి క్రింద రాదని ఆ దేశపు సుప్రీముకోర్టే తీర్పు చెప్పినదనియు వినుట వింతగా దోచును. ఆ వింతను మేము చూచుటయే కాదు, భుజమున కానించి కాల్చితిమి కూడ. అందువలన గలిగిన ఆలోచనలను పాఠకులకు నివేదింపదలచితిమి.

2025 నవంబరులో మేము అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున, డాలసు నగరప్రాంతమున, మా మేనల్లుని యింట కొన్ని దినములుంటిమి. ఆ ప్రాంతమందలి ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగు పట్టణములలో తెలుగువారు విస్తారముగా స్థిరపడియున్నారు. అంగడిలో గోంగూరకును దొండకాయలకును కొదువలేదు. సెలవునాడు స్నేహితులతో గూడి తుపాకులు కాల్చు మైదానమునకు పోయివచ్చుట అచ్చటి మన యువకులకు సినీమాకు పోయివచ్చుటవంటిదే. మా మేనల్లుడు మమ్మును రమ్మనెను. కాని యొక చిక్కు వచ్చిపడినది. యాత్రికుని వీసాతో వచ్చిన పరదేశీయుడు తుపాకిని గాని తూటాలను గాని చేతబట్టుట అచ్చటి కేంద్రశాసనము ప్రకారము నేరము. ఆ శాసనమే యొక మినహాయింపును గూడ నిచ్చియున్నది. ఆ దేశమున న్యాయముగా పొందిన వేటలైసెన్సు చేతనున్న పరదేశీయునకు ఆ నిషేధము వర్తింపదు. వెంటనే మా మేనల్లుడు మా పేర నొక వేటలైసెన్సు కొనిపెట్టెను. జన్మమున కుందేటినైన గొట్టి యెరుగని మేము ఇట్లు వేటగాండ్రమైతిమి. ఆ కాగితమును జేబులో నుంచుకొనునపుడు మాకు నవ్వు వచ్చినమాట నిజము. తలవాకిట తాళము వేసి దొడ్డితలుపు తెరచియుంచిన యిల్లు జ్ఞప్తికి వచ్చినది. ఆ దినము మేము చూచిన తక్కిన సంగతులకును ఆ తలుపునకును సంబంధము కలదని అప్పటి కెరుగము.

మైదానము ఊరికి గంటసేపు ప్రయాణము. ఎదుట నిలువెత్తు మట్టికట్ట, దానిముందర వరుసగా కాగితపు గురులు, ఈవల రేకులకప్పు క్రింద బల్లలు. కంటికి అద్దములు, చెవులకు తొడుగులు లేనిదే లోనికి రానీయరు. ఎవ్వడేని గురుల యొద్దకు నడచుచున్నంతసేపు తక్కినవారు తుపాకులు ఖాళీచేసి బల్లపై నుంచి యెడముగా నిలువవలెను. కాపలాదారు ఈ విషయమున మొగమోట మెరుగడు. ఆ క్రమశిక్షణను మేము మెచ్చుకొంటిమి. పండుగలకు గాలిలోకి తుపాకులు ప్రేల్చు మన మొనగాండ్రు కొందరు అచ్చట ఒక పూట నిలిచి నేర్చుకొనదగినది కలదు.

తుపాకి మా మేనల్లుని యుద్యోగపు తోటివానిది. అతడు టెక్సాసువాడే, యాబది యేండ్ల మనిషి, మాట పొదుపు. అది ఏఆర్-15 అను జాతి రైఫిలు. అమెరికాలో మిక్కిలి ప్రచారముననున్నది. మీట నొక్కిన కొలది ఒక్కొక్క గుండే వెలువడును. మరల కాల్చవలెనన్న మీటను వదలి మరల నొక్కవలెను. మొదట మాచేత పది గుండ్లు అట్లే, నింపాదిగా, యాబది గజముల దూరమున కాల్పించిరి. ఎదురుదన్ను మేము భయపడినంతటిది కాదు. పదింటిలో ఏడు కాగితమునకు తగిలినవి. మాకు గర్వము కూడ కలిగినది. ఈ వయసున కన్ను ఇంకను పనిచేయుచున్నదని సంతసించితిమి.

పిమ్మట ఆయన ఆ రైఫిలు మడమను ఊడదీసి, సంచిలోనుండి నల్లని ప్లాస్టికు మడమ నొకదానిని తీసి తగిలించెను. ఇదియే బంప్‌స్టాకు. దీనియందు మోటారు లేదు, చక్రము లేదు, తీగచుట్ట కూడ లేదు. ఈ మడమ భుజమున కానియుండగా తుపాకి మాత్రము దానిలో ముందువెనుకలకు అంగుళముకంటె కొంచెము తక్కువ దూరము జారగలదు. కుడిచేతి చూపుడువ్రేలు ఒక చిన్న గట్టుపై ఆని కదలకుండ నిలుచును. ఎడమచేతితో తుపాకిని ముందునకు నెట్టవలెను. నెట్టినంతనే మీట వచ్చి వ్రేలికి తగులును; గుండు ప్రేలును. ఎదురుదన్నుచే తుపాకి వెనుకకు జారును. మీట వ్రేలిని వదలును. ఎడమచేయి మరల ముందునకు నెట్టును. మీట మరల వ్రేలికి తగులును. వ్రేలు మీటను నొక్కుటకు మారుగా మీటయే వచ్చి వ్రేలిని నొక్కుచుండునన్నమాట. పనితన మింతమాత్రమే.

మొదటిసారి రెండుగుండ్లు ప్రేలి యాగిపోయినది. భుజమునకు గట్టిగా అదిమితిమట. రెండవసారి ఎడమచేతి నెట్టు చాలలేదట. మూడవసారి నాలుగైదు. పావుగంట గడచునప్పటికి కిటుకు మా చేతికి వచ్చినది. ఆపైన ముప్పది తూటాల పెట్టెయంతయు మూడు నాలుగు సెకనులలో ఖాళీయైపోయినది. చెవితొడుగులలోనుండి గూడ అది చినిగిన గుడ్డవలె ఒకే చప్పుడుగా వినవచ్చినది. కాళ్లచుట్టు ఇత్తడి గొట్టములు రాలినవి. మేము చంటివానివలె పెద్దగా నవ్వితిమి. ఈ నవ్వును దాచుట న్యాయము కాదని యిచ్చట వ్రాయుచున్నాము. ఆ యానందము నిజమైనది. దాని నెరుగనివారు ఈ విషయమున అమెరికనులకు బుద్ధులు చెప్పబూనుట సుళువే గాని, వారి చెవికెక్కదు.

పిమ్మట కాగితము దగ్గరకు పోయి చూచితిమి. ముప్పదింటిలో నాలుగు తగిలియున్నవి. అందును రెండు అంచులను. తక్కినవన్నియు మట్టికట్టలో నెక్కడనో పడినవి. అప్పు డొక ప్రశ్న పుట్టినది. వేటాడువానికి గురి కావలెను. ఇంటిలోనికి దొంగ వచ్చినపుడు యజమానునకు గురి కావలెను. లేనిచో ప్రక్కగదిలోని బిడ్డకే తగులును. గురి నిట్లు చెడగొట్టి గుండ్ల సంఖ్యను మాత్రము పెంచు పరికర మెవ్వని కక్కరకు వచ్చును? సరదాకు కాల్చువానికి వచ్చును. గుంపుమీద కాల్చువానికిని వచ్చును. ఈ రెండవవానికి గురితో పని లేదు.

2017 అక్టోబరు 1 రాత్రి లాస్‌వేగాసు నగరములో జరిగినది అదియే. ఒక హోటలు 32వ అంతస్తు కిటికీలనుండి ఒక్కడు, ఈ పరికరములు తగిలించిన తుపాకులతో, దిగువ మైదానమున సంగీతము వినుచున్న 22,000 మంది గుంపుపై కాల్చెను. సుమారు పది నిమిషములలో వేయికి పైగా గుండ్లు కాల్చెను. 58 మంది అప్పుడును, తగిలిన గాయములచే తరువాత ఇద్దరును మరణించిరి. గుండు తగిలియు బ్రదికినవారే 400 మందికి పైగా నుండిరి. అతడు గురిచూడలేదు. చూడవలసిన యవసరమే లేకపోయెను. మేము నాలుగు గుండ్లు తగిలించుకొన్న ఆ కాగితమున్నచోట వేలకొలది జనమే యుండినయెడల మావి ఎన్ని వ్యర్థమైయుండును? ఆ లెక్క వేయుటకు మాకు మనసొప్పలేదు.

ఇట్టి పరికరము శాసనమునుండి ఎట్లు తప్పించుకొన్నది? అందుకు 1934 దాక పోవలెను. మద్యనిషేధపు దినములలో షికాగో మొదలగు నగరములయందు దొంగముఠాలు టాంసన్ మరతుపాకులతో ఒకరినొకరు చంపుకొనుచుండగా, రూజువెల్టు ప్రభుత్వము కేంద్ర ఆయుధశాసనమును తెచ్చినది. మరతుపాకులను, పొట్టిగొట్టపు రైఫిళ్లను, చప్పుడణచు గొట్టములను నమోదు చేయించి, చేతులు మారినపుడెల్ల 200 డాలర్ల పన్ను చెల్లింపవలెనని విధించినది. ఆనాటి కది కొండంత సొమ్ము. 1986లో మే 19 తరువాత తయారైన మరతుపాకిని సామాన్యుడు కొనకుండ అమెరికా కాంగ్రెసు నిషేధించినది. అయితే మరతుపాకి యననేమి? మీట యొక్క ఒక్క చర్యచే, మరల కూరనక్కరలేకుండ, తనంత తాను ఒకటికంటె నెక్కువ గుండ్లను వెలువరించునది. శాసనభారమంతయు ఈ 'ఒక్క చర్య' అను మాటపై నిలిచినది. ఆనాడది చాలినది. కాని శాసనము ఒక యంత్రభాగము పేరుపెట్టి గీత గీచినపుడు, కమ్మరి ఆ గీతకు వెండ్రుకవాసి ఈవల నిలుచు వస్తువును తయారుచేయును. అతని తెలివికి మేము ఆశ్చర్యపడము. అది యతని వృత్తి.

జరిగిన కథ చూడుడు. మొదట ఇట్టి పరికరమొకటి తీగచుట్ట సహాయమున పనిచేయునది వచ్చినది. ఆయుధముల శాఖవారు దానికి ముందు అభ్యంతరము లేదనిరి. 2006లో మాట మార్చి, తీగచుట్ట తనంత తాను తుపాకిని ముందునకు నెట్టుచున్నది గావున మరతుపాకియే యనిరి. కొన్నవారు తీగచుట్టలు ఊడదీసి అప్పగింపవలసివచ్చెను. అంతట తీగచుట్ట లేని పరికరము పుట్టినది. చేతులు సరిగా కదల్పలేని వికలాంగుల సౌకర్యార్థమని దాని నా శాఖకు విన్నవించిరి. 2010లో శాఖవారు, ఇది కేవలము తుపాకిభాగము, మా యధికారము క్రిందికి రాదని జాబు వ్రాసిరి. తరువాత ఎనిమిదేండ్లలో లక్షలకొలది యమ్ముడుపోయినవి. వాటిని కొన్నవారిలో చేతులు కదలనివా రెందరో మేము చెప్పజాలము గాని, మా తుపాకియజమానుని చేతులు మాత్రము బాగుగనే కదలుచుండెను.

వికలాంగుని పేరు చెప్పి దారి సంపాదించుట ఇది యొక్కటే కాదు. ఒంటిచేతితో కాల్చవలసిన మాజీసైనికునికై పిస్తోలును ముంజేతికి కట్టుకొను పట్టీ యొకటి 2012 ప్రాంతమున వచ్చినది. దానిని చేతికి కట్టక భుజమున కానించినచో పదునారంగుళములకు తక్కువ గొట్టముగల రైఫిలుతో సమానమగును; రైఫిలు కాదు గావున పన్ను లేదు, నమోదు లేదు. 2023లో శాఖవారు దానిని అరికట్టబూనిరి. 2024లో టెక్సాసులోని న్యాయస్థానమే ఆ నిబంధనను కొట్టివేసినది. కాలిఫోర్నియా రాష్ట్రములో మరియొక చిత్రము. కొన్ని జాతుల రైఫిళ్లకు తూటాలపెట్టె పనిముట్టు లేనిదే యూడిరాకూడదని యుండగా, తూటా కూడ పనిముట్టే యని నిబంధనలలోనే వ్రాసియుండెను. అంతట తూటాకొనతో గ్రుచ్చిన నూడివచ్చు మీట నమర్చి యమ్మిరి. ఆ సందును మూయుటకు 2016 దాక పట్టినది.

లాస్‌వేగాసు ఘోరము తరువాత దేశమంతట గగ్గోలు పుట్టినది. కాంగ్రెసు సభ్యులు ప్రసంగించిరి, శాసనము మాత్రము చేయలేదు. చివరకు 2018 డిశంబరులో ట్రంపు ప్రభుత్వమే, కాంగ్రెసుతో పని లేకుండ, శాఖానిబంధనచే బంప్‌స్టాకు మరతుపాకి యని ప్రకటించినది. 2010 నాటి జాబును అదే శాఖ త్రిప్పివేసినది. 2019 మార్చి 26 లోపల ప్రతివాడును తనదానిని నాశనము చేయవలెను, లేదా అప్పగింపవలెను. ఉంచుకొన్నవాడు పదేండ్ల శిక్షకు గురియగును. మాకు తుపాకి యిచ్చిన యాయన తనదానిని 2012లో, శాఖవారి జాబు నకలుతో సహా, అంగడిలో కొన్నాడట. 2019లో శాఖవారే చూపిన విధమున రంపముతో ముక్కలుగా కోసినాడట. "నే నేనాడును శాసనము మీరలేదు, శాసనమే నన్ను మూడుమారులు దాటినది" అని యాయన చెప్పిన మాటను మేము తేలికగా త్రోసివేయజాలము.

మూడవమారు 2024 జూను 14న దాటినది. ఆస్టిన్ నగరమున తుపాకుల యంగడి నడుపు కార్గిల్ అను నతడు తన రెండు పరికరముల నప్పగించి దావా వేసియుండెను. సుప్రీముకోర్టు 6కు 3గా అతని పక్షమున తీర్పు చెప్పినది. జస్టిస్ టామస్ మీటలోపలి కొక్కెములను, ఒత్తులను బొమ్మలు వేసి చూపి, ప్రతిగుండునకును మీట వేరుగ కదలుచున్నది గావున 'ఒక్క చర్య' కాదనియు, ఎడమచేయి నెట్టవలసియున్నది గావున 'తనంత తాను' కాదనియు నిర్ణయించెను. జస్టిస్ సోటోమేయర్ భిన్నాభిప్రాయమున, బాతువలె నడచి యీది యరచు పక్షిని తాను బాతనియే యందుననెను. జస్టిస్ ఆలిటో తీర్పుతో నేకీభవించుచునే, 1934 నాటి కాంగ్రెసు ఈ పరికరమును చూచియుండినచో మరతుపాకినుండి వేరుచేసియుండదనియు, మార్గము సులభమే, కాంగ్రెసు శాసనమును సవరింపవచ్చుననియు వ్రాసెను.

మేము చేతబట్టి చూచినవారము గావున ఉభయపక్షములును మాకు బోధపడుచున్నవి. యంత్రముగా చూచినచో జస్టిస్ టామస్ చెప్పినది నిజమే. మీట ముప్పదిమారులు వ్రేలికి తగులుట మా వ్రేలికే తెలిసినది. ఫలమునుబట్టి చూచినచో మా కాగితమే సాక్ష్యము. ఇట్టి పరికరము లేకయే, నడుముపట్టీ సందులో బొటనవ్రేలు దూర్చియు ఇట్లే కాల్చవచ్చును, దాని నెట్లు నిషేధింతురని కొందరు వాదింతురు. చేయవచ్చును, సాధకుడు చేయవచ్చును. అరువదేండ్లు దాటిన పత్రికావ్యవసాయి పావుగంటలో నేర్చునది కాదది. అంగడిలో అమ్ముడుపోవు వస్తువు నేర్పరికిని నేర్పులేనివానికిని భేదము నశింపజేయుచున్నది. శాసనము ముట్టుకొనవలసినది ఆ వస్తువునే.

ఐనను న్యాయాధిపతులను నిందించుటలో మేము చేరము. ఇందుకు మన చరిత్రయే కారణము. 1878లో లిట్టన్ ప్రభువు చేసిన ఆయుధశాసనము క్రింద, ఎవ్వనిచేతిలో తుపాకి యుండవచ్చునో దొరగారి చిత్తమునుబట్టి యుండెను. దానిక్రింది నిబంధనలచే ఐరోపీయులకు మినహాయింపు. మన రైతునకు కలెక్టరు కచేరి గుమ్మము. ఆ యవమానము మరువకయే 1931లో కరాచీ కాంగ్రెసు, నియమములకు లోబడి ఆయుధము ధరించుటను పౌరహక్కులలో చేర్చినది. 1948 డిశంబరులో రాజ్యాంగసభలో కామత్ ఆ హక్కును చేర్పవలెనని సవరణ తేగా, అంబేద్కరు ఎదిరించెను, సవరణ వీగిపోయినది. వీగిపోవుటయే మేలైనదని మా యభిప్రాయము. కాని ఆ నిర్ణయము సభలో, వాదోపవాదముల పిదప, అందరు చూచుచుండగా జరిగినది. ఒక యధికారి జాబుతో నిన్నటి న్యాయము నేటి నేరమగుట, రేపు మరల న్యాయమగుట మన మెరిగిన దొరతనపు పద్ధతి. ఆ పద్ధతి మంచి పనికై వాడబడినను మంచిది కానేరదు, నిలువనుగూడ నిలువదు. నిలువలేదు గదా.

మన శాసనమును తలచుకొని మీసము దువ్వుకొనుటకును వీలులేదు. మీటపై ఒత్తిడి యున్నంతసేపు, ఆ యొత్తిడి తొలగువరకు లేక తూటాలు నిండుకొనువరకు, కాలుచునే యుండునట్లు నిర్మింపబడినది గాని మార్పబడినది గాని నిషిద్ధాయుధమని 1959 శాసనము చెప్పుచున్నది. బంప్‌స్టాకులో ఒత్తిడి గుండు గుండునకును తొలగుచునే యున్నది. ఇట్టి పరికరము మన అంగళ్లలోనికి రాలేదు గావున ఆ మాటకు పరీక్ష కలుగలేదు, అంతియే. ఢిల్లీలోని శాసనకర్తలు ఇప్పుడే యొక పంక్తి చేర్చినచో రేపు బొమ్మలు వేయవలసిన పని మన న్యాయాధిపతులకు తప్పును.

తప్పు అమెరికా కాంగ్రెసుది. 2017 తరువాత ఏడేండ్లు ఊరకుండినది. తీర్పు వెలువడిన నాలుగవనాడు, 2024 జూను 18న, బంప్‌స్టాకును నిషేధించు బిల్లును సెనేటులో ఏకగ్రీవముగా నంగీకరింపుడని కోరగా, ఒక్క సభ్యుడు అభ్యంతరము చెప్పెను. అంతటితో అది యాగినది. 2025లో అదే కాంగ్రెసు చప్పుడణచు గొట్టములపైనను పొట్టిగొట్టపు తుపాకులపైనను 1934 నుండి యున్న 200 డాలర్ల పన్నును 2026 జనవరి 1 మొదలు సున్న చేయుటకు మాత్రము తీరిక చేసికొన్నది. ఆ సంవత్సరము మే నెలలో, మీటను తనంత తాను ముందునకు నెట్టు మరియొక పనితనమును గూర్చిన వ్యాజ్యమున ప్రభుత్వమే వర్తకులతో రాజీపడినది. పదునారు రాష్ట్రములకు తక్కువకాని రాష్ట్రసభలు తమ తమ హద్దులలో బంప్‌స్టాకును నిషేధించుకొన్నవను మాట నిజమే. లాస్‌వేగాసు గల నెవాడా వానిలో నొకటి. కాని టెక్సాసులో కొన్నది కారుపెట్టెలో నెవాడా చేరుటకు ఒక దినము చాలును.

చీకటిపడునప్పటికి మేము బల్ల తుడిచి, రాలిన గొట్టములను ఏరి డబ్బాలో వేసితిమి. తుపాకియజమానుడు నల్లమడమను ఊడదీసి సంచిలో నుంచెను; ఇది తీర్పు తరువాత కొన్న రెండవది. దీనినిగూడ కోయుమన్నచో కోయుదురా యని మేమడిగితిమి. కాంగ్రెసు శాసనముచేసి చెప్పినచో ఆదివారమే కోయుదును, శాఖవారి జాబు వచ్చినచో మాత్రము చూతమనెను. మా వేటలైసెన్సునకు ఇంక మూడుదినముల గడువు మిగిలియుండెను.